ఊరికే ఆడుకోమన్న ఆట ఖరీదెంత?

నెలాఖరు రోజులు. మధ్యాహ్నం గ్యాస్ బండ వచ్చింది. తెచ్చిన కుర్రాడికి ఫోన్‌లోంచి డబ్బు పంపబోతే 'మీ ఖాతాలో సరిపడా సొమ్ము లేదు' అని చూపించింది. నాకు నవ్వొచ్చింది. పొద్దున్నే పద్దు పుస్తకం చూసుకున్నాను, ఇంకా రూ. 5,100 ఉండాలి. మళ్లీ నొక్కాను. మళ్లీ అదే మాట. ఆ కుర్రాడు గుమ్మంలో నిలబడే ఉన్నాడు. పోపుల డబ్బాలో దాచిన నోట్లు తీసి ఇచ్చి పంపించేశాను.

తరవాత కూర్చుని ఖాతా లెక్క తెరిచాను. ఉన్నది రూ. 774. మిగిలిన రూ. 4,326 నెలన్నర రోజుల్లో 31 సార్లుగా పోయాయి. ఒకసారి 29, ఒకసారి 79, ఒకసారి 159, ఒక ఆదివారంనాడు ఏకంగా 399. అన్నీ వెళ్లింది ఒకే చోటికి. బ్యాంకువాళ్లు మెసేజ్‌లు పంపలేదని అనలేను. రోజుకి నలభై ప్రకటనలొచ్చి పడే ఫోన్‌లో అవీ కలిసిపోయాయి, నేను చూసుకోలేదు.

ఐదున్నరకి మావాడు స్కూలు నుంచి వచ్చాడు. వాడికి పదకొండేళ్లు. అడిగితే దాచలేదు. "గేమ్‌లో డైమండ్లు కొన్నానమ్మా" అన్నాడు, చెగోడీలు కొనుక్కున్నానని చెప్పినట్టు. నాకు ఒళ్లు మండిపోయింది. చెంప మీద ఒకటిచ్చి "దొంగతనం ఎప్పట్నించిరా?" అన్నాను. వాడు ఏడవలేదు. నా మొహంకేసి వింతగా చూశాడు. ఆ రాత్రి అన్నం తినకుండా పడుకున్నాడు.

ఇంట్లో పంచాయితీ ఎలా నడిచిందో మీకు చెప్పక్కర్లేదు. "ఫోను చేతికిచ్చి కూర్చోబెట్టింది నువ్వే కదమ్మా" అన్నారు అత్తయ్యగారు. "పిన్ నంబరు పిల్లాడికి ఎవరైనా చెప్తారా?" అన్నారు మావారు. రెండూ నిజాలే. ఆ నంబరు వాడికి చెప్పింది నేనే. చేతులు పిండిలో ఉన్నప్పుడు పాలవాడొస్తే "ఒరేయ్, నువ్వు స్కాన్ చేసి కొట్టెయ్" అని ఎన్నిసార్లన్నానో! ఫోను ఇచ్చిందీ నేనే. సాయంత్రం వంట పూర్తయ్యేదాకా వాడు ఒకచోట కుదురుగా కూర్చుంటాడని. తప్పు లేదని నేననను. కానీ అందరూ కలిసి లెక్క తేల్చేసరికి ఇంట్లో దోషులు ఇద్దరే మిగిలారు. ఒకరు పిల్లాడు, రెండోది తల్లి. ఆ రూ. 4,326 పుచ్చుకున్నవాడి ఊసు మా ఇంట్లో ఒక్కరూ ఎత్తలేదు. ఆ ముక్క నాకు మూడు రోజుల తరవాత గానీ తట్టలేదు.

ఆ మూడు రోజులూ నేను చేసిన పనేమిటంటే, రాత్రి అందరూ పడుకున్నాక ఆ ఆట తెరిచి నేనే ఆడాను. కొట్టుకి వెళ్లకుండా కొట్టువాడి తూకం ఎలా తెలుస్తుంది మరి!

ఆట ఊరికే ఇచ్చారు. పైసా తీసుకోలేదు. తెరవగానే బహుమతి అంటూ ఒక పెట్టె, దాంట్లో కొన్ని డైమండ్లు. అవి రెండు రోజుల్లో అయిపోతాయి. మూడో రోజు నుంచి అసలు సంగతి మొదలు. బొమ్మకి చొక్కా కావాలంటే 80 డైమండ్లు. కానీ 80 డైమండ్ల పొట్లం అమ్మరు. 60 డైమండ్లది రూ. 79, 330 డైమండ్లది రూ. 399. ఒక పొట్లం కొంటే చాలదు. రెండు కొంటే 40 మిగులుతాయి. మిగిలినవి ఊరికే పోతాయేమోనని ఇంకో వస్తువు మీదికి మనసు పోతుంది, దానికి మళ్లీ 20 తక్కువ. పక్కనే ఒక గడియారం తిరుగుతూ ఉంటుంది, 'ఈ ధర ఇంకా 9 నిమిషాలే' అని. తొమ్మిది నిమిషాలయ్యాక చూశాను. ధర అదే, గడియారం మళ్లీ మొదటికొచ్చింది. వద్దు అనే బటన్ వెతుక్కోవాలి. కొను అనేది మాత్రం పచ్చగా, అరచేతి వెడల్పున మెరుస్తూ ఉంటుంది.

చొక్కా అసలు ధరెంత? కాగితం మీద లెక్కేశాను. 60కి 79 అయితే 80కి 105 రూపాయల చిల్లర. మావాడు కట్టింది 158. ఈ లెక్క నాకు వెయ్యడానికి అయిదు నిమిషాలు పట్టింది, అదీ కాగితం పెన్సిలు ఉండబట్టి. బొమ్మని తరుముతూ ఇంకో బొమ్మ వస్తుంటే పదకొండేళ్లవాడు వేస్తాడా? వాడు "డైమండ్లు" అన్నది నన్ను మభ్యపెట్టడానికి కాదు. వాడికి నిజంగానే అవి డబ్బులుగా కనపడలేదు. అలా కనపడకూడదనే కదా ఆ పేరు పెట్టింది!

మన రైతుబజారు గుర్తు తెచ్చుకోండి. 1999లో మొదలైన దగ్గర్నించీ అక్కడ ధరల బోర్డు ఉంటోంది. వంకాయలు కిలో ఇంత, దొండకాయలు కిలో ఇంత అని రూపాయల్లో రాసి పెడతారు. పొట్లం కట్టిన ఉప్పయినా పప్పయినా సరే, అన్ని పన్నులూ కలుపుకుని గరిష్ఠ ధర ఇంత అని దాని మీద అచ్చు వెయ్యాలి. ఈమధ్య గ్రాముకి ఎంత పడుతుందో కూడా వేస్తున్నారు. వంకాయలవాడు ఒకవేళ 'ముందు నా దగ్గర గవ్వలు కొనుక్కోండి, కిలో 80 గవ్వలు, గవ్వలు మాత్రం అరవయ్యేసి చొప్పునే అమ్ముతాను' అన్నాడనుకోండి. మనం ఏమంటాం? బుట్ట అక్కడే పడేసి పక్క కొట్టుకి పోతాం. పావుకిలో పచ్చిమిరపకాయల దగ్గర తూకం రాయి కింద చింతపండు అంటించాడేమోనని వంగి చూసేవాళ్లం, ఫోన్ చేతిలోకి రాగానే ఆ అనుమానం ఎక్కడికి పోతుందో తెలీదు.

మా చిన్నప్పుడూ వీడియో గేములున్నాయి. 1990ల చివర్లో మా వీధిలో ఒకరింట్లో టీవీకి తగిలించే పెట్టె ఉండేది. పసుప్పచ్చ క్యాసెట్ దూర్చితే మీసాల మేరియో గెంతుతూ వచ్చేవాడు. ఎండాకాలం సెలవుల్లో పదిమందిమి వాళ్లింట్లోనే. పెద్దవాళ్లు అప్పుడూ తిట్టేవాళ్లు, కళ్లు పోతాయనేవాళ్లు. కానీ ఆ క్యాసెట్ ఒకసారి కొంటే కొన్నట్టే. అది ఆడేటప్పుడు మధ్యలో చెయ్యి చాపేది కాదు. మనం ఎవరమో, ఏ వీధిలో ఉంటామో దానికి తెలీదు. విసుగొస్తే పక్కూరి బాబాయి కొడుక్కి ఇచ్చి వాడిది తెచ్చుకునేవాళ్లం.

ఇప్పుడు పూర్తి డబ్బిచ్చి కొన్న ఆట కూడా మనది కాదట. 2014లో ఉబిసాఫ్ట్ అనే ఫ్రెంచి కంపెనీ 'ది క్రూ' అని కారు పందేల ఆట ఒకటి అమ్మింది. 2024 మార్చి 31న దాని సర్వర్లు ఆపేసింది. అంతే, డబ్బు పెట్టి కొన్నవాళ్లింట్లో ఆ ఆట ఇక నడవలేదు. ఇలాంటివి చూసే అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ఒక చట్టం చేసింది. 2025 జనవరి 1 నుంచి అక్కడ ఇలాంటి సరుకు అమ్మేవాళ్లు, కొనేవాడికి దక్కేది వాడుకునే అనుమతేనని ముందే స్పష్టంగా చెప్పాలి, లేకపోతే 'కొనండి' అనే మాట వాడకూడదు. మనింట్లో కొన్న గ్రైండర్‌ని పదేళ్ల తరవాత కంపెనీవాడొచ్చి ఆపేసిపోతే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇదంతా నా ఒక్కదాని ఏడుపు అయితే ఈ పేజీలో రాయను. దేశదేశాల తల్లులు పడ్డదే ఇది. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అని వినియోగదారుల తరఫున చూసే సంస్థ ఉంది. పిల్లలు పెద్దవాళ్ల అనుమతి లేకుండా ఫోన్లలో కొన్న వాటి డబ్బు తిరిగి ఇవ్వమని 2014లో అది ఆపిల్‌తో కనీసం 3 కోట్ల 25 లక్షల డాలర్లకీ, గూగుల్‌తో కనీసం 1 కోటి 90 లక్షల డాలర్లకీ ఒప్పందం రాయించుకుంది. 2022 డిసెంబరులో ఫోర్ట్‌నైట్ అనే ఆట తయారుచేసిన ఎపిక్ గేమ్స్ వంతు వచ్చింది. కమిషన్ ఆరోపణలు చదువుతుంటే మా ఇంటి సంగతి చదివినట్టే అనిపించింది. ఆట తెర తెరుచుకుంటున్నప్పుడు ఒక బటన్ తగిలినా కొనుగోలు అయిపోయేదట. డబ్బు తిరిగిమ్మని బ్యాంకు ద్వారా అడిగినవాళ్ల ఖాతాలకి తాళం వేశారట. పిల్లలు ఎవరో తెలియని వాళ్లతో మాట్లాడే సదుపాయం మొదట్నించే తెరిచి ఉంచారట. చివరికి ఆ కంపెనీ 52 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అందులో 24 కోట్ల 50 లక్షలు జనానికి తిరిగి ఇవ్వడానికి. మిగిలిన 27 కోట్ల 50 లక్షలు పిల్లల వివరాల విషయంలో చట్టం మీరినందుకు జరిమానా.

నాకు ఇందులో నచ్చింది డబ్బు లెక్క కాదు. ఆ కమిషన్ 'పిల్లాడికి ఫోను ఎందుకిచ్చావమ్మా' అని తల్లిని అడగలేదు. 'బటన్ అక్కడెందుకు పెట్టావయ్యా' అని కంపెనీని అడిగింది. మా ఇంట్లో అడగాల్సిన ప్రశ్న అదే.

డైమండ్ల సంగతీ ఐరోపావాళ్లు పట్టించుకున్నారు. ఐరోపా సంఘం దేశాల వినియోగదారుల అధికారులంతా కలిసి 2025 మార్చిలో కొన్ని సూత్రాలు ప్రకటించారు. ఆటలో అమ్మే ప్రతి వస్తువు ధరా అసలు డబ్బులో కూడా కనపడాలి, అక్కర్లేనంత నాణేల పొట్లం బలవంతంగా అంటగట్టకూడదు అన్నవి వాటిలో ఉన్నాయి. చూశారా, మన రైతుబజారు బోర్డు! అంతకన్నా ముందు 2018లో బెల్జియం, లోపల ఏముందో తెలియకుండా డబ్బిచ్చి తెరిచే పెట్టెలు జూదం కిందికే వస్తాయని కొన్ని పేరున్న ఆటల విషయంలో తేల్చేసింది. మన చిన్నప్పుడు కిరాణా కొట్లో అట్టకి అంటించిన లాటరీ చీటీలు గుర్తున్నాయి కదా. పావలా ఇచ్చి చింపితే ప్లాస్టిక్ ఉంగరం. ఆ అట్టే ఇప్పుడు ఫోన్లోకొచ్చింది, ఎన్ని చింపినా అట్ట ఖాళీ అవదు.

"ఆన్‌లైన్ ఆటలు ప్రభుత్వం నిషేధించేసింది కదా" అంది మా పక్కింటి వదిన. చాలామంది అలాగే అనుకుంటున్నారు. పందెం ఆటల మీద తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో కట్టడి పెట్టాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు ఒడ్డి డబ్బు గెలుచుకునే ఆటల్ని దేశమంతటా కాదంది. రమ్మీలో జీతాలు పోగొట్టుకున్న ఇళ్లు చూసినవాళ్లకి అది ఊరటే. కానీ మావాడు ఆడింది అది కాదు. వాడు డబ్బు గెలవాలని పెట్టలేదు, బొమ్మకి చొక్కా కొన్నాడు. ఇలాంటి ఆటలు ఆ నిషేధంలోకి రావు. కాబట్టి 'ప్రభుత్వం చూసుకుంది' అని మనం నిశ్చింతగా కూర్చోడానికి లేదు.

ఇక డబ్బు కన్నా నన్ను ఎక్కువ భయపెట్టిన సంగతి చెప్తాను. నాలుగో రాత్రి ఆ ఆటకి మా ఫోన్‌లో ఏమేమి అనుమతులిచ్చామో తెరిచి చూశాను. మైకు, మేము ఉన్న చోటు, నా ఫోన్‌లోని నంబర్లన్నీ. బొమ్మకి చొక్కా తొడగడానికి మా మేనత్త ఫోను నంబరెందుకు? మావాడు అందులో తన పుట్టినరోజు రాశాడు, స్కూలు పేరు రాశాడు. తన పేరు పక్కన మా ఊరి పేరు పెట్టుకున్నాడు. 'అన్నా' అని పిలుచుకునే ఒకతను రోజూ వాడితో ఆడతాడు. ఎవర్రా అంటే తెలీదన్నాడు. "మంచోడమ్మా, నాకు తుపాకీ ఇచ్చాడు" అన్నాడు. ఆట బొమ్మ తుపాకీయే, నాకు తెలుసు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

గాజులమ్మే ఆవిడ గుమ్మంలోకొస్తే కూర్చోబెట్టి మంచినీళ్లిస్తాం. ఆవిడే 'మీవారు ఎన్నింటికొస్తారు? మీ అబ్బాయి ఏ బడి? మీ చుట్టాల నంబర్లన్నీ ఓ కాగితం మీద రాసివ్వండి' అంటే తలుపేసేస్తాం. అదే ప్రశ్నలు ఫోన్ అడిగితే 'అంగీకరిస్తున్నాను' అని నొక్కేస్తాం. నొక్కకపోతే ఆట తెరుచుకోదు కదా, వెనకాల పిల్లాడు గోల పెడుతుంటాడు. పెద్ద బట్టల కొట్లో బిల్లు వేసేటప్పుడు "ఫోన్ నంబర్ చెప్పండి మేడమ్" అంటే గడగడా చెప్పేస్తాం చూడండి, ఇదీ అలాంటిదే. నంబరు ఇస్తేనే బిల్లు వేస్తామని కొట్లవాళ్లు పట్టుబట్టకూడదని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 మే నెలలో సలహా జారీ చేసింది. ఆ సంగతి తెలిశాక నేను ఒక కొట్లో "ఇవ్వనండీ" అన్నాను. ఆ అమ్మాయి రెండు క్షణాలు చూసి బిల్లు వేసింది. ఏమీ కాలేదు.

ఇచ్చిన వివరాలు ఏమవుతాయి అంటారా? పిల్లాడు ఏ గంటకి ఆడతాడు, ఎక్కడ ఓడిపోయి చిరాకు పడతాడు, ఎంత ధర దగ్గర కొంటాడు, ఎంత దగ్గర ఆగిపోతాడు, ఇవన్నీ చూడగలిగిన చోటే అమ్మకమూ జరుగుతోంది. మన బలహీనత తెలిసినవాడితో బేరం ఎవరు గెలుస్తారు? ఊరికే ఇచ్చిన ఆటకి ఇదీ ఒక ధరే. ధరా, వివరాలూ రెండు వేరే సంగతులని నేను మొదట అనుకున్నాను. కాదు, ఒకదాని చెయ్యి పట్టుకుని రెండోది నడుస్తోంది.

మనకీ చట్టాలు లేకపోలేదు. మన సొంత విషయాల గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. ఆ కేసు వేసింది పుట్టస్వామిగారని పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన, కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి. వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని ప్రకారం 18 ఏళ్లు నిండని వాళ్లంతా పిల్లలే. వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లో తండ్రో ఒప్పుకున్నారని రుజువు చేసుకోవాలి. పిల్లల వెంటపడి వాళ్ల అలవాట్లు గమనించడం, వాటిని బట్టి ప్రకటనలు చూపించడం కూడదు. తప్పితే జరిమానా రూ. 200 కోట్ల దాకా. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అమలు చెయ్యడానికి కంపెనీలకి అక్కణ్ణించి 18 నెలల గడువిచ్చారు. ఇల్లు అలకగానే పండగ కాదు కదా. ఒప్పుకున్నది తల్లే అని వాళ్లు ఎలా తెలుసుకుంటారు? నా ఫోన్ నా కొడుకు చేతిలో ఉన్నప్పుడు నొక్కిన వేలు ఎవరిదో ఆ ఫోనుకేం తెలుసు?

ధరల తికమకలకీ మన దగ్గర ఒక కట్టడి ఉంది. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ, ఆన్‌లైన్‌లో జనాన్ని బోల్తా కొట్టించే 13 రకాల ఎత్తుల్ని గుర్తించి కూడదంది. లేని తొందర పెట్టడం, అడగని వస్తువు బుట్టలో చేర్చడం, వద్దంటే సిగ్గుపడేలా మాట్లాడడం, చేరడం సులువు చేసి మానుకోవడం కష్టం చెయ్యడం లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి. నేను చూసిన తిరిగే గడియారం అందులో మొదటిదే. కానీ ఫిర్యాదు చేసేవాళ్లు లేకపోతే ఆ జాబితా కాగితం మీదే ఉంటుంది.

నేను ఫిర్యాదు చేశాను. ముందు ఆట అమ్మిన వాళ్లకి రాస్తే రెండు లైన్ల జవాబొచ్చింది, మీ అభ్యర్థన పరిశీలించి తిరస్కరించాం అని. అప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేశాను. తెలుగులోనే మాట్లాడారు. 31 చెల్లింపుల తేదీలు, మొత్తాలు చదివాను. పన్నెండు రోజులకి ఆఖరి రెండు చెల్లింపులకి కలిపి రూ. 238 తిరిగొచ్చాయి. "దీనికోసమా అంత హడావిడి?" అన్నారు మావారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు, కంపెనీ పెడుతుందా? ఆ 238 రూపాయలు పద్దు పుస్తకంలో జమ రాసుకున్నప్పుడు నాకు కలిగిన తృప్తి ఎవరికీ చెప్పినా అర్థం కాదు, ఇంటి లెక్క రాసేవాళ్లకి తప్ప.

'ఎవరూ బలవంతం చెయ్యలేదు, ఇష్టముంటే కొన్నారు' అని వాదించేవాళ్లుంటారు. పెద్దవాళ్ల విషయంలో సగం ఒప్పుకుంటాను. ఆట తయారుచెయ్యడానికి ఎందరో పనిచేస్తారు, వాళ్లకీ జీతాలివ్వాలి, అదీ నిజమే. అమ్ముకోవద్దని నేననను. ఆటకి రూ. 300 అని ముందే చెప్పి అమ్మండి, ఇష్టమైతే కొంటాం. ఊరికే అని పిలిచి, పిల్లాడిని లోపల కూర్చోబెట్టుకుని, వాడి చేత చిల్లర చిల్లరగా తల్లి ఖాతా ఖాళీ చేయించడం వ్యాపారమని నాకు అనిపించదు. ఇంకొందరు ఆటలే వద్దు, ఫోను లాగేసుకో అంటారు. వాళ్ల తరగతిలో పిల్లలంతా ఆడుతుంటే నావాణ్ణి ఒక్కణ్ణి కూర్చోబెట్టి ఎన్నాళ్లు ఆపను? పైగా వాడు రేపు బతకాల్సిన బజారు ఇదే. బజారుకి తీసుకెళ్లకుండా బేరం ఎలా నేర్పుతాం?

అందుకే మా ఇంట్లో మేం చేసినవి చెప్తాను, పనికొస్తే మీరూ చెయ్యండి. పిన్ మార్చాను, పాలవాడికి నెలకోసారి నోట్లే ఇస్తున్నాను. ఫోన్‌లో ఏది కొనాలన్నా సంకేతపదం అడిగేలా అమర్చుకున్నాను, ఆప్‌లు అమ్మే చోట సెట్టింగ్స్‌లోనే అది ఉంటుంది. ఆటలకి మైకు, ఉన్న చోటు, నంబర్లు మూడూ తీసేశాను. ఆట చక్కగా నడుస్తూనే ఉంది, అంటే వాటితో దానికి అసలు పనే లేదన్నమాట. ముక్కూ మొహం తెలియని 'అన్న'ని జాబితాలోంచి తీసేశాం, ఎందుకో వాడికి విడమరిచి చెప్పాకే తీశాం. ఆదివారం ఆదివారం ఖాతా లెక్క నేనూ వాడూ కలిసి చూస్తాం. ఏదైనా కొనాలంటే ముందు డైమండ్లని రూపాయల్లోకి మార్చి కాగితం మీద వాడే రాయాలి.

మొన్న అలాగే ఒక టోపీ లెక్క వేసుకొచ్చాడు. "దీనికి 131 రూపాయలవుతోందమ్మా" అన్నాడు. కాసేపాగి, "తలమీద పెట్టుకునే టోపీయే అంత ఉండదు కదా" అన్నాడు. కొనమంటావా వద్దంటావా అని నేనడగలేదు. వాడే కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఒక సంగతి మాత్రం మిగిలిపోయింది. ఆ రోజు నేను వాడినన్న మాట. వారం తరవాత పడుకోబోయే ముందు పక్కన కూర్చుని చెప్పాను. "నువ్వు నన్నడక్కుండా డబ్బు వాడావు, అది తప్పు. కానీ నిన్ను దొంగ అన్నాను చూడు, అది నా తప్పు" అని. వాడు గోడవైపు తిరిగి "సరేలే అమ్మా" అన్నాడు. ఆ మాట వాడి మనసులోంచి పూర్తిగా పోయిందో లేదో నాకు తెలీదు. రూ. 4,088 పోయినందుకు కాదు, ఆ మాట నా చేత అనిపించినందుకు ఆ కంపెనీ మీద నాకు కోపం.

మీ ఇళ్లలోనూ ఇలాంటి చిల్లర లెక్కలు తేలుతూ ఉండే ఉంటాయి. తేలినప్పుడు పిల్లాడి చెంప మీద చెయ్యి వెయ్యడానికి ముందు, మీ తలమీద మీరు మొట్టుకోవడానికి ముందు, డబ్బు ఎవరికి వెళ్లిందో, ఏ పేరుతో తీసుకున్నారో ఒక్కసారి చూడండి. తేదీలు రాసుకుని 1915కి చెయ్యండి. వంకాయలవాడిని రోజూ అడిగే ప్రశ్నే వీళ్లనీ అడుగుదాం. ఎంతయ్యా ఇది, రూపాయల్లో చెప్పు.